డాట్సన్ 240జెడ్‌కి పార్టు వెతికే పద్ధతి

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నన్ను మాట్లాడమన్న విషయం పాత జపాన్ కార్ల విడిభాగాలు. అది సముద్రం. అందుకని నాకు చేయి తిరిగిన ఒక్క కారు గురించే చెబుతాను: డాట్సన్ 240జెడ్, నిస్సాన్ కంపెనీ డాట్సన్ పేరుతో అమ్మిన స్పోర్ట్స్ కారు. మీలో కొందరి దగ్గర పాత కరోలా ఉంది, ఒకరిద్దరి దగ్గర మాజ్డా ఉంది. ఫర్వాలేదు, పద్ధతి అన్నిటికీ దాదాపు ఒకటే.

కారు చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. 1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా వచ్చింది. ఇక్కడ అమెరికాలో 1970 మోడల్‌గా డాట్సన్ 240జెడ్ పేరుతో 3,526 డాలర్లకు అమ్మారు. అప్పట్లో ఇక్కడ నిస్సాన్ వ్యవహారాలు చూసిన యుటాకా కటయామాను జెడ్ అభిమానులు ఇప్పటికీ మిస్టర్ కె అనే పిలుస్తారు. ఆయన 2015లో, 105 ఏళ్ల వయసులో పోయారు. 1973 వరకు ఈ కారు అమెరికాలోనే దాదాపు లక్షన్నర అమ్ముడైంది. మనకు పనికొచ్చేది ఆ లక్షన్నర. అన్ని కార్లు తిరిగాయి కాబట్టే డోర్ రబ్బరు నుంచి ఫ్లోర్ రేకు దాకా ఈ రోజుకీ కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. అదే బాడీతో జపాన్‌లో వచ్చిన జెడ్ 432 సుమారు 420 కార్లే. దాని ఇంజిన్ పార్టు వెతకడమంటే వేరే లోకం, వేరే బ్యాంకు బ్యాలెన్స్.

"పార్టులు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అందరూ అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: మీ కారు ఏ నెలలో తయారైంది? చాలామందికి తెలియదు. రిజిస్ట్రేషన్ కాగితంలో 1972 అని ఉంటుంది, అది చూసి ఆర్డర్ పెట్టేస్తారు. డ్రైవర్ వైపు తలుపు తీస్తే అంచున చిన్న రేకు ప్లేటు ఉంటుంది. తయారైన నెల, సంవత్సరం దాని మీదే ఉంటాయి. 1972 అని అమ్ముడైన కారు 1971 చివర్లో తయారైంది కావచ్చు. మోడల్ మారినప్పుడే మార్పులు చేయాలని నిస్సాన్ వాళ్లు కూర్చోలేదు, మధ్యమధ్యలో మారుస్తూనే వచ్చారు. 1971లో డిఫరెన్షియల్‌ను కాస్త వెనక్కి జరిపారు. దాన్ని వెనక నుంచి పట్టుకునే మీసం ఆకారపు బార్ కూడా దాంతోపాటే మారింది. మొదటి కార్లలో వెనక డిక్కీ తలుపు మీదే గాలి రంధ్రాలుండేవి, తర్వాత అవి పక్క స్తంభాల మీదికి వెళ్లాయి. ఇంటి ముందుకొచ్చిన పెట్టె విప్పాక ఇవన్నీ తెలుసుకుంటే ఏం లాభం?

రెండో ప్రశ్న: ఇంజిన్ ఏది? "240జెడ్ అంటే ఎల్24 ఇంజిన్ కదా" అంటారు. కారు పుట్టినప్పుడు అంతే. ఈ యాభై ఏళ్లలో ఎంతమంది చేతులు మారిందో ఎవరికి తెలుసు? ఎల్24, ఎల్26, ఎల్28 పైకి ఒకేలా ఉంటాయి, ఒకే చోట కూర్చుంటాయి. పాత ఇంజిన్ పోయినప్పుడు దీని తర్వాతి మోడల్ 280జెడ్‌లోని ఎల్28 తెచ్చి పెట్టడం ఇక్కడ మామూలే. ఎల్24 సిలిండర్ వ్యాసం 83 మిల్లీమీటర్లు, ఎల్28ది 86. కారు పేరు చెప్పి హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య వేసే పలుచని పలక, తెప్పించారనుకోండి, మూడు మిల్లీమీటర్ల తేడాతో అది సిలిండర్ లోపలికి పొడుచుకొస్తుంది. బ్లాక్ మీద గుద్దిన అక్షరాలు గుడ్డతో తుడిచి చదవండి. హెడ్ మీద కూడా పోత పోసిన గుర్తు ఉంటుంది. ఈ31, ఈ88 అని ఉంటే 240 కాలంది, ఎన్42 అంటే తర్వాతిది.

ఇక పార్టు నంబరు. నిస్సాన్ నంబరు ఐదు, ఐదుగా రెండు ముక్కలు. మొదటి ముక్క అది ఏ వస్తువో చెబుతుంది: 15208 అంటే ఆయిల్ ఫిల్టర్, 21010 అంటే వాటర్ పంప్, 22401 అంటే స్పార్క్ ప్లగ్. రెండో ముక్క ఏ బండిదో, ఏ మార్పుదో చెబుతుంది. 240జెడ్ పార్టుల్లో అది తరచుగా ఇంగ్లీషు E అక్షరంతో మొదలవుతుంది, 260, 280ల నాటికి N కనిపిస్తుంది. ఇది వంటబడితే అమ్మేవాడు "జెడ్ పార్టు, చాలా రేర్" అని రాసినా పెట్టె మీది నంబరు చూసి మీరే తేల్చేస్తారు. ఇంకొకటి, కంపెనీ పాత నంబరు రద్దు చేసి అదే వస్తువుకు కొత్త నంబరు ఇస్తూ ఉంటుంది. పాత నంబరు కొట్టి "నిలిపివేశారు" అని వస్తే నిరాశ పడకండి. డీలర్ కౌంటర్‌లో కాస్త ఓపికున్న మనిషిని పట్టుకుని, దీని బదులు ఏ నంబరు వచ్చిందో చూడమని అడగండి. చిన్నచిన్న సీళ్లు, క్లిప్పులు, గాస్కెట్లు కొన్ని ఇప్పటికీ అలా దొరుకుతాయి.

కంపెనీలే పాత పార్టులు మళ్లీ తయారుచేస్తున్నాయి కదా అంటారు. నిజమే. నిస్సాన్ వాళ్ల నిస్మో హెరిటేజ్ పార్ట్స్ 2017 చివర్లో ఆర్32 స్కైలైన్ జీటీఆర్‌తో మొదలైంది. టొయోటా జీఆర్ హెరిటేజ్ పేరుతో పాత సుప్రా, 2000జీటీ, ఆ తర్వాత ఏఈ86 పార్టులు తెచ్చింది. మాజ్డా మొదటి తరం ఎంఎక్స్-5కి చేస్తోంది. మంచి పనే. కానీ ఎవరికి చేస్తున్నారో గమనించండి. వేలంలో లక్షల డాలర్లు పలికే బండ్లు, పోస్టర్ల మీద కనిపించే బండ్లు ముందుంటాయి. నాలుగు తలుపుల పాత బ్లూబర్డ్ ఉన్నవాడు వీళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ బండి షెడ్డులోనే మట్టి అయిపోతుంది.

జపాన్ నుంచి తెప్పించుకోవడం ఇంకో దారి. అక్కడ యాహూ ఆన్‌లైన్ వేలంలో పాత సామాను విపరీతంగా దొరుకుతుంది. దానికో కారణముంది. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకు షాకెన్ అనే తనిఖీ తప్పనిసరి. పెట్రోల్ కారుకు పదమూడేళ్లు దాటితే పన్ను కూడా పెరుగుతుంది. అందుకే చాలామంది బండిని వదిలించుకుంటారు, దాంతో విడదీసిన పార్టులు మార్కెట్‌లోకి వస్తాయి. అక్కడి అమ్మకందార్లు ఎక్కువమంది విదేశాలకు పంపరు. మధ్యవర్తి సంస్థ మన తరఫున కొని, తన గోడౌన్‌లో పెట్టి, ఇక్కడికి పంపుతుంది. కొనే ముందు వాళ్ల కమీషన్, అక్కడి లోకల్ రవాణా, ఇక్కడికి షిప్పింగ్ అన్నీ కూడండి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టులో ఎత్తేశారు, ఆ లెక్క కూడా చూసుకోండి. చవగ్గా దొరికిన బంపర్ చివరికి ఇక్కడి ధరకే తేలిన సందర్భాలు నేను చాలా చూశాను.

జపాన్ పార్టుతో అసలు చిక్కు వేరే ఉంది. అది కుడివైపు స్టీరింగ్ దేశం, ఇక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు. డాష్‌బోర్డు, వైపర్ లింకేజీ, స్టీరింగ్ ర్యాక్ మనకు పనికిరావు. మా మిత్రుడొకరు తుప్పు లేని ఒరిజినల్ ఫెండర్లు, అంటే ముందు చక్రాల పైనుండే రేకులు, దొరికాయని ఎగిరి గంతేశారు. పెట్టె విప్పితే ఫెండర్ మీద రంధ్రాలు! 1983 దాకా జపాన్‌లో వెనక చూసుకునే అద్దాలు తలుపుల మీద కాదు, ముందు ఫెండర్ల మీద ఉండేవి. అవి వెల్డింగ్ చేసి మూయించి, మళ్లీ పెయింట్ వేయించాల్సి వచ్చింది. వెనక లైట్లు మాత్రం భేషుగ్గా సరిపోతాయి. అమెరికా కారుకు టర్న్ సిగ్నల్ కూడా ఎరుపే. జపాన్ లైట్లలో అది నారింజ రంగులో ఉంటుంది, వెనకొచ్చేవాడికి స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు బిగించడం. నిజానికి నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఎక్కువగా ఇదే. సరైన పార్టు చేతిలో ఉండి కూడా కారు పాడుచేసుకునేది ఇక్కడే.

స్క్రూలతో మొదలుపెడదాం. పాత జపాన్ కారు స్క్రూ చూడగానే ఫిలిప్స్ అనిపిస్తుంది. కాదు. అది జపాన్ ప్రమాణం, జేఐఎస్. గాడి ఆకారంలో సన్నని తేడా ఉంటుంది. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి తిప్పితే అడుగు దాకా దిగదు, బలం పెట్టగానే పైకి లేచి గాడిని కొరికేస్తుంది. "జపాన్ వాడి స్క్రూలు మెత్తన" అని తిట్టుకుంటారు. తప్పు స్క్రూది కాదు. చాలా స్క్రూల తల మీద చిన్న చుక్క గుర్తు ఉంటుంది, అది కనిపిస్తే జేఐఎస్ డ్రైవర్ తీయండి. హిటాచీ కార్బ్యురేటర్ మీద ఉన్నవన్నీ ఇవే. తలుపు గొళ్లెం దగ్గర ఉండే పెద్ద స్క్రూలకు చేతి బలం చాలదు, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ కావాలి.

బోల్టులది ఇంకో కథ. ఇంట్లో మారుతి 800 ఉన్నవాళ్లకు తెలిసే ఉంటుంది, దాని బోల్టులకు 10, 12, 14, 17 పానాలు చాలు. అదీ జపాన్ లెక్కే. 8 మిల్లీమీటర్ల బోల్టుకు 12 తల, 10 మిల్లీమీటర్ల బోల్టుకు 14 తల. ఇక్కడ హార్డ్‌వేర్ దుకాణంలో మెట్రిక్ బోల్టు అడిగితే 8కి 13 తలది ఇస్తారు. తల తేడాతో పోయేదేమీ లేదు. 10 మిల్లీమీటర్ల బోల్టులో మాత్రం థ్రెడ్ తేడా ఉంది. జపాన్ కార్లది 1.25 పిచ్, అంటే ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య 1.25 మిల్లీమీటర్లు, దుకాణంలో మామూలుగా దొరికేది 1.5. రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది. ఆగాక ఇంకో పట్టు పట్టారంటే లోపలి థ్రెడ్ కొట్టుకుపోతుంది.

అంతకన్నా మోసం చేసేది ఆయిల్ ప్రెషర్ సెండర్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడిని గేజ్‌కి చెప్పే ముక్క. కొత్త గేజ్ కొంటే దాంతోపాటు వచ్చే సెండర్ అమెరికన్ పైపు థ్రెడ్‌ది, ఎనిమిదో వంతు ఎన్‌పీటీ. ఇంజిన్ బ్లాక్‌లో ఉన్నది బ్రిటిష్ కొలత, ఎనిమిదో వంతు బీఎస్‌పీటీ, ఎందుకంటే జపాన్ పైపు థ్రెడ్లకు బ్రిటిష్ పద్ధతినే తీసుకుంది. రెండిటి వ్యాసం దాదాపు ఒకటే. ఎన్‌పీటీకి అంగుళానికి 27 చుట్లు, బీఎస్‌పీటీకి 28. థ్రెడ్ కోణం మొదటిదానికి 60 డిగ్రీలు, రెండోదానికి 55. చేత్తో తిప్పితే చక్కగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. రెండూ చివరికి సన్నబడే టేపర్ థ్రెడ్లే కాబట్టి ఆ బిగుతు మామూలే అనుకుంటాం. ఇంజిన్ స్టార్ట్ చేస్తే మొదట ఏమీ కారదు. వేడెక్కి ఒత్తిడి పెరిగాక చుక్కచుక్కగా మొదలవుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టి మూసేద్దామంటే సెండర్‌కి బాడీ ఎర్త్ అందక గేజ్ తప్పు చూపించవచ్చు. ఇంకా బిగిస్తే బ్లాక్ థ్రెడ్డే పోతుంది. బీఎస్‌పీటీ నుంచి ఎన్‌పీటీకి మార్చే చిన్న ఇత్తడి అడాప్టర్ కొన్ని డాలర్లకే వస్తుంది. గేజ్ ఆర్డర్ పెట్టినప్పుడే అది కూడా ఆర్డర్ పెట్టేయండి.

బ్రేకు పైపులకూ ఇదే జాగ్రత్త. జపాన్ కార్లలో పైపు చివర రెండుసార్లు లోపలికి మడిచి ఉంటుంది, నట్టు 10 మిల్లీమీటర్లు, పిచ్ 1. అదే నట్టు కొలతతో యూరప్ కార్లకు బుడగ ఆకారపు చివర ఉంటుంది. నట్టు ఎక్కింది కదా అని బిగించేస్తే లోపల సరిగా కూర్చోదు. బ్రేకు విషయంలో కారితే చూద్దాంలే అనే మాట పనికిరాదు.

తుక్కు యార్డుల దగ్గరికొద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది. విజయవాడ ఆటోనగర్‌లో పెరిగినవాళ్లకు ఆ నూనె వాసన ఇట్టే తెలిసిపోతుంది. కాకపోతే ఇక్కడ మన పార్టు మనమే ఊడదీసుకోవాలి. 240జెడ్ అక్కడ దొరకదు, దాని చుట్టాలు దొరుకుతాయి. 1979 నుంచి 1981 దాకా వచ్చిన 280జెడ్‌ఎక్స్ డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) మీద ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, ఈ12-80 అని పిలుస్తారు. అది 240 ఇంజిన్‌లో సరిపోతుంది, పాత డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్లు గీకే బాధ తప్పుతుంది. డిస్ట్రిబ్యూటర్ కింద ఉండే పీఠం కూడా తెచ్చుకోవడం మరవకండి. కాయిల్‌కి వెళ్లే కరెంటును తగ్గించే బలాస్ట్ రెసిస్టర్‌ను వైరింగ్‌లోంచి తప్పించాలి. అలా తప్పించేటప్పుడు ఇంజిన్ వేగం చూపే టాకోమీటర్ సంగతి చూసుకోండి. 240లో ఉన్నది కాయిల్‌కి వెళ్లే కరెంటును చదివే రకం, ఆ తీగ దాన్ని చుట్టి రాకపోతే ముల్లు లేవదు.

టొయోటా 4x4 పికప్ ముందు బ్రేకు కాలిపర్లు కూడా 240జెడ్‌కి బోల్టు రంధ్రాల దగ్గర సరిగ్గా కలుస్తాయి. వీటికి నాలుగు పిస్టన్లు. వెనకున్న దుమ్ము రేకు కత్తిరించాలి, మాస్టర్ సిలిండర్ కూడా పెద్దది వేయాలి, లేకపోతే పెడల్ మరీ లోతుకి వెళ్తుంది. చాలామంది మోజుపడి ఇది చేస్తారు. నన్నడిగితే ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీమ్‌కి వెళ్లే కారుకు ఇంత అక్కర్లేదు. ఒరిజినల్ కాలిపర్లకు కొత్త సీళ్లు, మంచి ప్యాడ్లు, కొత్త హోసులు వేస్తే సరిపోతుంది. ముందు బ్రేకులు పెంచి వెనక పాత డ్రమ్ములే వదిలేస్తే బ్యాలెన్స్ తప్పుతుంది.

హోసులంటే గుర్తొచ్చింది. పాత స్టాకు, సీలు విప్పనిది, నిస్సాన్ ఒరిజినల్ అని ఎవరైనా అమ్ముతుంటే అది ఇనుమా, రబ్బరా అని చూడండి. గేరు, బ్రాకెట్, క్రోమ్ ముక్క అయితే కళ్లకద్దుకుని తీసుకోండి. రబ్బరు హోసు, సీలు అయితే నలభై ఏళ్లు కవర్‌లో ఉన్నా దానికీ నలభై ఏళ్లు నిండినట్టే. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కూడా కలుస్తుంది, పాతకాలపు రబ్బరుకు అది పడదు. ఇంధన హోసులు మాత్రం ఇవాళ్టివే, ఇథనాల్‌కు తట్టుకునేవే వేయండి. ఒరిజినాలిటీ కోసం ఇంజిన్ గదిలో మంట పెట్టుకోకూడదు.

కరెంటు గురించి ఒక్క మాట. ఈ కారులో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్టీరింగ్ దగ్గరి స్విచ్చిలోంచే పోతుంది. ఫ్యూజ్ బాక్స్ వేడెక్కి ప్లాస్టిక్ కరగడం దీనికి పాత జబ్బు. కొత్త ఫ్యూజ్ బాక్స్ వేయండి, దాంతోపాటు హెడ్‌లైట్లకు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చులు) కూడా పెట్టండి. రిలేలు లేకుండా బాక్స్ మార్చితే కొత్తదీ అలాగే కరిగే ప్రమాదముంది.

చివరిగా డబ్బు విషయం. ఇక్కడి దుకాణంలో రీబిల్డ్ చేసిన కాలిపర్ కానీ ఆల్టర్నేటర్ కానీ కొంటే కోర్ డిపాజిట్ అని అదనంగా పట్టుకుంటారు, పాతది తెచ్చిస్తే తిరిగిస్తామంటారు. మీ పాతది ఇచ్చేయకండి. కొన్నది ఎవరి బండిలోంచి వచ్చిందో, లోపల ఎంత అరిగిందో మీకు తెలియదు. మీది మొదటినుంచీ ఆ కారుదే. డిపాజిట్ పోతే పోనివ్వండి, పాతదానికి చీటీ కట్టి పైన అటకలో పెట్టండి. సీళ్లు మార్చుకుంటే మళ్లీ పనికొస్తుంది. ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరుసలో చేయెత్తినాయన, చెప్పండి.