తెగిన నరానికి దారి వేసేదెవరు?

నమస్కారమండీ. మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే ఒకామెకు కత్తి జారి మణికట్టు దగ్గర లోతుగా తెగిందనుకోండి. ఇంట్లోవాళ్లు "నరం తెగింది" అంటారు. మనకు రక్తనాళమూ నరమే, ఇదీ నరమే! ఇవాళ మాట్లాడుకునేది స్పర్శ మోసే నరం సంగతి.

డాక్టరు కొసలు కలిపి కుట్టారు. వారమైనా వేళ్లు మొద్దుగానే ఉన్నాయి. ఆపరేషన్ ఫెయిలైందా? కాదు. తెగినచోటు నుంచి వేళ్ల వైపున్న ఆక్సాన్, అంటే లోపలి తీగ, ఎంత బాగా కుట్టినా చచ్చిపోతుంది. 1850లో వాలర్ అనే శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలు కోసి మరీ ఈ సంగతి చూపించాడు.

ఇదిగో, బొమ్మ చూడండి. మధ్య గీత ఆక్సాన్. దాని మీద చాపచుట్టలా చుట్టుకున్నవి ష్వాన్ కణాలు, ఆ చుట్టే మైలిన్. వీటిని పుస్తకాల్లో "సహాయక కణాలు" అంటారు. పెళ్లిలో వంటవాళ్లను సహాయకులన్నట్టుంది నాకైతే!

ఆక్సాన్ పోగానే ష్వాన్ కణంలో సి-జున్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. కణం పాత పని మానేసి రిపేరుకు దిగుతుంది. ముందు శిథిలాలు ఎత్తాలి. 2014లో హుద్‌హుద్ అప్పుడు రోడ్ల మీద పడ్డ చెట్లు తీస్తేగానీ కరెంటు పనులు సాగలేదు కదా, అలాగే. చెదిరిన మైలిన్‌ను కొంత తనే అరిగించుకుంటుంది, మిగతాదానికి మాక్రోఫేజ్‌లను, అంటే చెత్తను మింగేసే రక్షక కణాలను, పిలుస్తుంది. తర్వాత ఈ ష్వాన్ కణాలన్నీ ఆక్సాన్ ఉండిన పాత గొట్టంలోనే వరసకట్టి బాట పరుస్తాయి. తెగినచోటికి పైనున్న కొస నుంచి వచ్చే కొత్త ఆక్సాన్ మొలక ఆ బాట పట్టుకునే పాకుతుంది. దానికి కావలసిన ఎదుగుదల ప్రోటీన్లు కూడా ఇవే అందిస్తాయి.

వేగమా? రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలికొసకు 18 సెంటీమీటర్లుంటే దగ్గరదగ్గర ఆరు నెలలు. స్కేలు తెచ్చి మీ చెయ్యి కొలుచుకోండి. నరం దారి వెంట వేలితో మెల్లగా తడుతూ వెళ్తే, మొలక చేరినచోట వేళ్లలోకి జివ్వుమంటుంది. దీన్ని టినెల్ గుర్తు అంటారు.

వెన్నుపాములో ఈ ష్వాన్ కణాలుండవు. అక్కడి మైలిన్ మొలకను ఆపేస్తుంది కూడా. అందుకే అక్కడ తెగితే ఇలా బాట పడదు.

ఇంకొకటి. నెలల తరబడి ఆక్సాన్ రాకపోతే ష్వాన్ కణాలూ నీరసించిపోతాయి. అందుకే తెగిన నరాన్ని "చూద్దాంలే" అని వదిలేయకండి. కుట్టించుకున్నాక స్పర్శ వచ్చేదాకా ఆ చేత్తో వేడి టీ గ్లాసు పట్టుకోవద్దు. కాలినా తెలీదు.