ఐదో తారీఖు నాటి ప్రచారం

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, విశాఖ ద్వారకానగర్‌లోని ఈ పౌర గ్రంథాలయానికి వచ్చిన యువతీయువకులకు నమస్కారం. స్వాగత వచనాలకే ముప్పావు గంట గడిచింది కనుక నేరుగా విషయానికి వస్తాను.

యువత చేత పొదుపు చేయించే ప్రచారాన్ని ఎలా రూపొందించాలో చెప్పమని నన్ను పిలిచారు. ఎలా రూపొందించకూడదో ముందు చెబుతాను, ఆ తప్పులో నాకూ వాటా ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ కోసం మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఫ్లెక్సీలు కట్టించాం. వాటి మీద మట్టి హుండీ బొమ్మ, కింద ప్రాస కుదిరిన నినాదం, పక్కన నవ్వుతున్న వృద్ధ దంపతులు. ఋషికొండలో ఉద్యోగం చేసే ఇరవై మూడేళ్ల కుర్రవాడు అది చూసి, "సార్, ఆ తాతగారు నేనేనని మీరు చెప్పేదాకా నాకు తెలియలేదు" అన్నాడు. నవ్వకండి, మాకిచ్చిన సొమ్ములో అధిక భాగం ఆ తాతగారికే ఖర్చయింది.

పొదుపు మంచిదని ఆ అబ్బాయికి మనకంటే బాగా తెలుసు. జీతం పడిన రాత్రే ఫోను మీద వేలు ఆనిస్తే డబ్బు వెళ్లిపోయేలా ఖర్చుకు రాజమార్గం వేసి, పొదుపు వంతు వచ్చేసరికి హితబోధతో సరిపెట్టాం.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. నాన్నగారు పోర్టులో కళాసీ. వన్‌టౌన్‌లో మేమున్న వీధిలో ఇరవై మంది ఆడవాళ్లు నెలకు వంద రూపాయల చీటీ కట్టేవారు. ఐదో తారీఖు సాయంత్రం మా అరుగు మీదే పాట జరిగేది. ఇంట్లో బియ్యం నిండుకున్న నెలలో కూడా అమ్మ ఆ వందను ముట్టుకునేది కాదు. ఎందుకని అడిగితే వడ్డీ గురించో, వృద్ధాప్యం గురించో చెప్పలేదు. "ఐదో తారీకు ఆళ్లందరి ముందూ నానేటి సెప్పాల్రా?" అంది. ఒక ఏడాది చీటీల ఆవిడ రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయింది, పదకొండు నెలల సొమ్ము మునిగింది. అందువల్ల రిజిస్టరు కాని చీటీలు కట్టమని నేను చెప్పడం లేదు. 1982లో చిట్ ఫండ్స్ చట్టం ఎందుకు అవసరమైందో మా అరుగుకు తెలుసు. కానీ ఆ తారీఖు, ఆ ఇరవై జతల కళ్లు మా ఫ్లెక్సీల్లో ఎక్కడా లేవు.

ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జీ రూపొందించగా 1998లో అమెరికాలోని ఒక కంపెనీలో తొలిసారి అమలైన పథకంలో, ఉద్యోగులను ఆ రోజే డబ్బు కట్టమనకుండా, ఇకమీదట జీతం పెరిగిన ప్రతిసారీ పొదుపు శాతం దానంతటదే పెరిగేందుకు ముందుగా ఒప్పుకోమని మాత్రమే అడిగారు. అలా ఒప్పుకున్నవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికి రాని సొమ్మును వదులుకోవడం ఎవరికీ బాధ కాదు.

కాబట్టి ఈసారి మన ప్రచారంలో ఫ్లెక్సీ ఒక్కటీ ఉండదు. నలుగురైదుగురు స్నేహితులు ఒక జట్టుగా చేరి, ఎవరి పేరున వారు పోస్టాఫీసులో ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరుస్తారు. నెలకు 100 రూపాయలతోనైనా మొదలుపెట్టవచ్చు. 2,000 కట్టేవారికి అసలే 1,20,000 అవుతుంది, వడ్డీ అదనం. ఐదో తారీఖు సాయంత్రం బీచ్ రోడ్డులో కలిసి ఒకరి పాస్‌బుక్కు ఒకరు చూస్తారు.

ఫారాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఒంటరిగా వచ్చి అడిగినవారికి ఇవ్వవద్దని మా వాళ్లకు చెప్పాను; పక్క కుర్చీలో ఉన్నవారిని వెంటబెట్టుకుని రండి.