కడప బండలో చతురస్రం ఎక్కడుంది?

(కడపలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పోయిన ఎండాకాలం మా వరండాకు కడప బండలు వేయించాను. రెండడుగులకు రెండడుగులవి. మేస్త్రీ ఒక గోడ వెంట మూడడుగులు, పక్క గోడ వెంట నాలుగడుగులు గుర్తు పెట్టి, మధ్యలో దారం పట్టి చూశాడు. ఐదడుగులు రాలేదు. "మూల కలవలేదు సార్, గోడే వంకర" అన్నాడు. పైథాగరస్ ఎవరో ఆయనకు తెలీదు. అయినా గోడ కంటే ఆ ఐదు మీదే నమ్మకం.

నాకు అక్కడ పట్టుకుంది. సరైన లంబకోణం మా ఇంట్లో ఎక్కడా లేదు కదా, తప్పు గోడదేనని ఎట్లా తేల్చాడు? బండను మూల నుంచి మూలకు కొలిస్తే టేపు రెండడుగుల పది అంగుళాలు చూపిస్తుంది. లెక్కలో మిల్లీమీటరున్నర తక్కువ రావాలి. అది రెండు రూట్ రెండు, దాని దశాంశాలకు అంతు లేదు. అంత కచ్చితంగా ఏ రంపమూ కోయలేదు. మరి అసలు చతురస్రం ఎక్కడుంది? ఇంద్రియాలకు అందని లోకంలో ఉందన్నాడు ప్లేటో. మనం కల్పించుకున్నదే అంటారు కొందరు. కల్పనైతే ఆకాశం దాని మాట ఎందుకు వినాలి? 1960లో భౌతిక శాస్త్రవేత్త విగ్నర్ తల పట్టుకున్నది దీనికే.

వినడమైతే వింది. యురేనస్ దారి తప్పుతోంటే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రంతో కాగితం మీదే ఇంకో గ్రహం జాడ తీశాడు. 1846 సెప్టెంబర్ 23 రాత్రి బెర్లిన్‌లో ఖగోళ శాస్త్రవేత్త గాలే వెతికితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. మా లెక్కల మాస్టార్లు కథ ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టించుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అదే చేశాను, దాచేదేముంది.

బుధుడి కక్ష్యలోనూ తేడా ఉంది. వందేళ్లకు 43 ఆర్క్ సెకన్లు (ఒక్కో ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు), అంతే. 1859లో అదే లెవెరియే, అదే న్యూటన్ సూత్రంతో, సూర్యుడి దగ్గర ఇంకేదో తిరుగుతోందన్నాడు. వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. ఏళ్ల తరబడి వెతికారు, లేదు. 1915లో ఐన్‌స్టీన్ తేల్చాడు: అక్కడ గ్రహం లేదు, స్థలకాలమే వంగింది. ఆ వంపు రాయడానికి కావలసిన జ్యామితిని గణిత శాస్త్రవేత్త రీమాన్ 1854లోనే మొదలుపెట్టి ఉంచాడు. మా మేస్త్రీ గోడ వంకర అన్నాడు. ఇక్కడ వంకర దారంలో ఉంది.

నెప్ట్యూన్ కాగితాన్నీ వల్కన్ కాగితాన్నీ పక్కపక్కన పెడితే, ఏది ఉందో ఏది లేదో లెక్క చూసి చెప్పలేం. అందుకే ప్లేటోకు నేను సగం మార్కులే వేస్తాను. రీమాన్ గుర్తొచ్చినప్పుడు మాత్రం ఇంకో ఐదు కలపాలనిపిస్తుంది.

ఈ హాల్లో మీ కాళ్ల కింద ఉన్నవీ కడప బండలే. టేపు తెచ్చాను. ఇద్దరు ముందుకు రండి, ముందు నాలుగు పక్కలూ కొలవండి.