జలుబే కదా!

శ్రోతలందరికీ నమస్కారం.

"ఏముందిలే, జలుబే కదా!" ఈ మాట అననివాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి. ముక్కు కారుతున్నా, గొంతు గరగరలాడుతున్నా ఆ మాట అనేసుకుని బయల్దేరిపోతాం. పిల్లల్నీ అలాగే బడికి పంపేస్తాం. ఇవాళ ఆ మాట గురించే ఒక సంగతి చెబుతాను.

2020 మార్చి 10, మంగళవారం సాయంత్రం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊరు. బృందగానం పాడేవాళ్ళు సాధన కోసం అక్కడి చర్చిలో కలుసుకున్నారు. కరోనా కబుర్లు అప్పటికే వినబడుతున్నాయి కాబట్టి అజాగ్రత్తగా ఏమీ రాలేదు. గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టారు. కరచాలనాలు వద్దనుకున్నారు, కౌగిలింతలూ వద్దనుకున్నారు. మొత్తం 61 మంది. కుర్చీలు దగ్గర దగ్గరగా వేసుకుని, మధ్యలో కాస్త విరామం తీసుకుని, రెండున్నర గంటలు గొంతెత్తి పాడారు. ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ 61 మందిలో ఒకరికి మూడు రోజులుగా కాస్త జలుబుగా ఉంది. జలుబే కదా!

రెండు వారాలు తిరక్కుండా ఒకరి వెనక ఒకరు జబ్బుపడ్డారు. లెక్క తేల్చేసరికి, మొదటి మనిషితో కలిపి 53 మంది. 33 మందికి పరీక్షలో కోవిడ్ అని తేలింది, మిగతా 20 మందివి లక్షణాలను బట్టి లెక్కలో వేసినవి. ముగ్గురు ఆస్పత్రిలో చేరారు. ఇద్దరు చనిపోయారు.

ఆ మొదటి మనిషిని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. వచ్చింది మామూలు జలుబో, ఇంకేదైనానో ఆ సాయంత్రం ఎలా తెలుస్తుంది? మనకైనా తెలియదు. అందుకే ఈ సంగతి ఎంచుకున్నాను.

ఇంతకీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదా, మరి ఎలా సోకింది? గాలి ద్వారానే ఎక్కువగా సోకి ఉంటుందని తర్వాత పరిశీలించినవాళ్ళు తేల్చారు. మాట్లాడినా, దగ్గినా, ముఖ్యంగా గట్టిగా పాడినా నోట్లోంచి తుంపరలు వస్తాయి. పెద్దవి కిందపడిపోతాయి. కంటికి ఆనని సన్నవి గాలిలోనే తేలుతూ ఉంటాయి. తలుపులు మూసిన గదిలో అవి గంటల తరబడి పేరుకుంటాయి.

అలాగని చేతులు కడుక్కోవడం మానేస్తామా? వద్దు వద్దు. ఫ్లూ, కరోనా వైరస్‌ల మీద కొవ్వు పొర ఒకటి ఉంటుంది, సబ్బు దాన్ని చెదరగొడుతుంది. 20 సెకన్లు రుద్దాలి, వేళ్ళ సందులు మర్చిపోకూడదు. తుమ్ము వస్తే అరచెయ్యి కాదు, మోచేతి వంపు అడ్డం పెట్టుకోవాలి. ఇవన్నీ మీరు విన్నవే. నేను అడిగేది వీటికన్నా ముందు చెయ్యాల్సిన పని: ఒంట్లో బాగాలేనప్పుడు నలుగురిలోకి వెళ్ళకపోవడం.

ఫ్లూ సంగతే చూడండి. లక్షణాలు కనబడడానికి ఒకరోజు ముందు నుంచే అది ఇతరులకు సోకగలదు. లక్షణాలు మొదలయ్యాక మొదటి మూడు రోజుల్లో మరీ ఎక్కువ. అంటే, మనం "జలుబే కదా" అనుకుంటూ తిరిగే రోజులు సరిగ్గా అవే!

ఇక్కడ నాదో చిన్న ఫిర్యాదు. ఏడాదంతా ఒక్కరోజు కూడా మానలేదని బడుల్లో పిల్లలకు బహుమతులిస్తారు. నాకు అస్సలు నచ్చదు. జ్వరంతో వచ్చి కూర్చున్న పిల్లాణ్ణి మెచ్చుకుంటే, పక్క బెంచీ పిల్లాడి సంగతేమిటి? పెద్దవాళ్ళ సెలవుల దగ్గరా ఇదే తంతు. రోజుకూలీ మీద బతికేవాళ్ళను ఇంట్లో ఉండమనడం తేలికే, ఉండడమే కష్టం. అది నాకు తెలుసు. తప్పనిసరిగా వెళ్ళాల్సి వస్తే ముక్కూ నోరూ రెండూ మూసేలా మాస్కు పెట్టుకోండి, కిటికీ పక్కన కూర్చుని దాన్ని తెరిచి ఉంచండి. గాలి అటూ ఇటూ ఆడేలా ఎదురుగా ఇంకోటి తెరిస్తే మరీ మంచిది.

మళ్ళీ ఎప్పుడు బయటికి రావచ్చు అని చాలామంది అడుగుతారు. మాత్ర వేసుకుంటే దిగిన జ్వరం, దిగినట్టు లెక్క కాదు. మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకూడదు, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పట్టాలి. ఆ తర్వాత కూడా ఓ ఐదు రోజులు నలుగురిలో ఉన్నప్పుడు మాస్కు తియ్యకండి. ఇంట్లో పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే వాళ్ళ దగ్గర కూడా అంతే.

ఉంటాను. నమస్కారం.