బాబాయ్ నోట్‌బుక్కులో నాలుగో గడి

[గుంటూరు, బ్రాడీపేటలో ఒక మేడ గది. కిటికీ అవతల ఆటోల హారన్లు.]

అమ్మాయి: నమస్కారం. ఈసారి విజయవాడ వదిలి గుంటూరొచ్చాను. ఎదురుగా మా బాబాయ్, హవల్దారుగా రిటైరయ్యారు. నాది డేటా ఉద్యోగం. మాజీ సైనికులకు వైద్యం అందడానికి డేటా అనలిటిక్స్, అంటే రికార్డుల్లోని లెక్కలు జల్లెడ పట్టి చూడటం, ఎలా పనికొస్తుందో మాట్లాడదామని మైకు పట్టుకొస్తే, ఈయనేమో ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టారు.

బాబాయ్: బ్రౌను పేపరుతో అట్ట కూడా వేశానమ్మా, అది చెప్పు.

అమ్మాయి: [నవ్వు] వేశారండీ. సరే, తెలియనివాళ్ల కోసం ఈసీహెచ్ఎస్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పు బాబాయ్.

బాబాయ్: పెన్షన్ తీసుకునే మాజీ సైనికులకీ, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకీ ఉన్న వైద్య పథకం. 2003 ఏప్రిల్ 1న మొదలైంది. దేశం మొత్తం మీద 400కు పైగా పాలీక్లినిక్‌లున్నాయి. మనకి గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి. అక్కడ డాక్టరు చూస్తాడు, మందులిస్తారు, పెద్ద జబ్బయితే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి రాసిస్తారు. ప్రాణం మీదకొస్తే ఆ రాసివ్వడం కూడా అక్కర్లేదు, నేరుగా పోవచ్చు.

అమ్మాయి: అంటే ఎవరెప్పుడొచ్చారు, ఏ మందు తీసుకున్నారు, ఆసుపత్రి బిల్లెంత, అన్నీ కంప్యూటర్లో పడతాయి. నాలాంటిదానికి ఇంకేం కావాలి? ఏ నెలలో ఏ మాత్రలు ఎక్కువ పోతాయో, ఏ వారం రద్దీయో ముందే చెప్పేయొచ్చు.

బాబాయ్: వచ్చినోళ్ల లెక్క సరే. రానోళ్ల లెక్క ఎక్కడుంది?

అమ్మాయి: అదీ... ఉండదు.

బాబాయ్: 2003 ఏప్రిల్ తర్వాత రిటైరైనవాళ్లకి సభ్యత్వం తప్పనిసరి. పెన్షన్ కాగితాలతో పాటే ఆ పనీ అయిపోతుంది. అంతకు ముందువాళ్లు తమంతట తాము దరఖాస్తు పెట్టుకోవాలి. 1996కి ముందు రిటైరైనవాళ్లకి చందా కూడా లేదు. అయినా పెట్టనివాళ్లున్నారు. డబ్బు కాదమ్మా అడ్డం. ఆ ఫారం, ఆ ఫొటోలు, ఆ తిరుగుడు. డాక్టరు అవసరం ఎక్కువున్న వయసు వాళ్లదే, కాగితాల్లో లేనిదీ వాళ్లే.

అమ్మాయి: అయితే ముందు చెయ్యాల్సింది తీసివేత లెక్క. పెన్షన్ జాబితాలోంచి కార్డున్నవాళ్లని తీసేస్తే ఒక లిస్టు. కార్డున్నవాళ్లలో ఏడాదిగా ఓపీకి రానివాళ్లు ఇంకో లిస్టు. మూడో తరగతి లెక్క.

బాబాయ్: కలిపి చూడు, అప్పుడు తెలుస్తుంది.

అమ్మాయి: నిజమే, అక్కడే చిక్కు. మన ఇంటిపేరు ఒక రికార్డులో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, మూడోదాంట్లో ఒక్క పొడి అక్షరం. ఇక వెంకటేశ్వర్లు అనే పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో నేను లెక్కపెట్టడం మానేశాను. ఆ పేరున్న ఒకే మనిషి కంప్యూటరుకి నలుగురిలా కనిపిస్తాడు.

బాబాయ్: పేరుతో ఎందుకు? సర్వీస్ నంబరు పట్టుకో. నిద్రలో లేపి అడిగినా చెప్తాం.

అమ్మాయి: నువ్వు చెప్తావు. పిన్ని చెప్తుందా?

బాబాయ్: [కాసేపాగి] చెప్పదు. ఇవాళే రాసిపెడతాను.

అమ్మాయి: అమెరికా సంగతొకటి చెప్తా విను. అక్కడ మాజీ సైనికులకి ప్రభుత్వమే నడిపే పెద్ద ఆసుపత్రుల వ్యవస్థ ఉంది. 2014లో ఫీనిక్స్ అనే ఊళ్లో గొడవ బయటపడింది. మొదటి అపాయింట్‌మెంటుకి సగటున 24 రోజులు పడుతోందని ఆసుపత్రి లెక్క చూపించింది. తనిఖీ అధికారులు 226 మంది రికార్డులు తీసి చూస్తే సగటు 115 రోజులు తేలింది. 1,700 మంది అసలు వెయిటింగ్ లిస్టులోనే లేరు. ఆ శాఖ మంత్రి రాజీనామా చేశాడు.

బాబాయ్: గేరూ-చూనా!

అమ్మాయి: అంటే?

బాబాయ్: జనరల్ సాబ్ ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడంటే ముందు రోజు కదలని ప్రతిదానికీ ఎర్రమట్టి, సున్నం పూసేవాళ్లం. చెట్టుకి, రాయికి, దేనికైనా. సాబ్ వచ్చి బ్రహ్మాండం అనేవాడు. రోజుల సంఖ్యని బట్టి మార్కులేస్తామంటే, రోజులకి సున్నం పూస్తారు.

అమ్మాయి: మా ఆఫీసులో పెద్ద జీతాలిచ్చి మరీ చెప్పించుకునే పాఠం ఇది. ఆ తర్వాత 2018లో వాళ్లు కొత్త చట్టం చేశారు. దాని కింద పెట్టిన నియమం ఏంటంటే, మామూలు డాక్టరు దగ్గరికి సగటున 30 నిమిషాలు, స్పెషలిస్టు దగ్గరికి 60 నిమిషాలు మించి ప్రయాణం ఉంటే, లేదా మామూలు డాక్టరుకి 20 రోజులు, స్పెషలిస్టుకి 28 రోజులు మించి ఆగాల్సొస్తే, బయట ఆసుపత్రిలో చూపించుకోవచ్చు.

బాబాయ్: ప్రయాణమంటే దేంట్లో?

అమ్మాయి: కార్లో.

బాబాయ్: అదీ సంగతి. ఇప్పుడు నోట్‌బుక్ తెరువు. మొదటి గడిలో పేరు, రెండోదాంట్లో జబ్బు, మూడోదాంట్లో మాత్రలు ఎప్పటికి అయిపోతాయి. నాలుగోది చదువు.

అమ్మాయి: "ఎవరు తీసుకెళ్తారు." ...కొడుకు. అల్లుడు. పక్కింటి ఆటో అబ్బాయి. ఇక్కడ గీత పెట్టావేంటి?

బాబాయ్: ఎవరూ లేరని. పల్నాడు వైపు ఒకావిడ, మా మాజీ సైనికుడొకడి భార్య. షుగరు, బీపీ. కొడుకు హైదరాబాదులో పనికెళ్లాడు, తీసుకొచ్చే మనిషి లేడు, మందులాగిపోయాయి. మూడు నెలలు ఎవరికీ తెలీదు. ఒక పెళ్లిలో కనపడి, చెప్పు వేసుకోకుండా నడుస్తుంటే అడిగాను. కాలికి పుండు.

అమ్మాయి: కంప్యూటర్లో ఆవిడ కార్డు బాగానే ఉంటుంది. ఫిర్యాదు లేదు, బిల్లు లేదు.

బాబాయ్: ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. ఇప్పుడు అదే బస్సులో వచ్చే ఇంకొకాయనతో జత కలిపాను. కాలు మానింది.

అమ్మాయి: ఇది ప్రోగ్రాంకి నేర్పించొచ్చు బాబాయ్. నెలనెలా మాత్రలు తీసుకునే మనిషి తేదీ దాటి పదిరోజులైనా రాకపోతే పేరు పైకి రావాలి, ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. ఒకే బస్సు దారిలో ఉన్నవాళ్లకి ఒకే రోజు ఇవ్వాలి. మ్యాపులో సరళరేఖ గీసి దూరం కొలిస్తే మాత్రం కుదరదు. అమరావతి దగ్గర గట్టు మీద నిలబడితే అవతలి ఊరు కనపడుతుంది, కానీ మధ్యలో కృష్ణ ఉంది. కంప్యూటరేమో ఈదుకుంటూ వెళ్లమంటుంది.

బాబాయ్: [నవ్వు] వర్షాకాలంలో చెప్పకు ఆ మాట.

అమ్మాయి: మరి ఇంట్లోంచే డాక్టరుతో మాట్లాడే పద్ధతి? 2021 మేలో సెహత్ ఓపీడీ అని మొదలుపెట్టారుగా.

బాబాయ్: మంచిదే, నేను రెండుసార్లు వాడాను. దగ్గు, ఒళ్లునొప్పులకి బాగుంది. కాలి పుండు మాత్రం ఎవరైనా చెప్పు విప్పించి చూడాల్సిందే.

అమ్మాయి: సరే, ఈ పుస్తకం నాకివ్వు. రెండు రోజుల్లో ఎక్సెల్‌లో ఎక్కించి తెచ్చిస్తా.

బాబాయ్: ఇవ్వను.

అమ్మాయి: అదేంటి?

బాబాయ్: ఎవరికి ఏ జబ్బో ఉంది దాంట్లో. నన్ను నమ్మి చెప్పారు. పెళ్లి సంబంధాలు చూసుకునే ఇళ్లున్నాయి. ఫొటో కూడా తియ్యకు.

అమ్మాయి: పేర్లు తీసేసి నంబర్లు పెడతాను. ఇక్కడే, నీ ముందే కూర్చుని కొడతాను. ఊరి పేరు కూడా వద్దు, బస్సు రూటు చాలు.

బాబాయ్: అట్లయితే కూర్చో. ఇంకో గడి కూడా పెట్టు.

అమ్మాయి: ఏమని?

బాబాయ్: రికార్డులో ఉన్న ఫోను ఎవరి జేబులో ఉంటుందో. ఆవిడ నంబరని రాసింది కొడుకుది. నువ్వు గుర్తుచేసే మెసేజ్ పల్నాడు పోదు, హైదరాబాదు పోతుంది.