శ్రీశైలంలో ఎన్ని నీళ్లున్నాయి?

మిత్రులారా, లెక్కలంటే భయపడి జర్నలిజంలోకి వచ్చామని మనలో చాలామంది నవ్వుతూ చెప్పుకుంటాం. మన పనికి ఏడో తరగతి లెక్కలు చాలు. కాకపోతే కాపీ పంపే ముందు ఆ లెక్క వేయాలి, అంతే.

వరదల సీజన్ వచ్చిందంటే ఏదో ఒక స్క్రోలింగ్‌లో "శ్రీశైలంలో 3 లక్షల క్యూసెక్కుల నిల్వ" అని కనబడుతుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. నిల్వను టీఎంసీల్లో చెబుతాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, 11,574 క్యూసెక్కులు రోజంతా వస్తే ఒక టీఎంసీ అవుతుంది. 3 లక్షల క్యూసెక్కుల వరద తగ్గకుండా 24 గంటలు వస్తే దాదాపు 26 టీఎంసీలు. రైతుకు కావాల్సింది ఆ అంకె.

నీటిమట్టంతో ఇంకో తిరకాసు. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. 854 అడుగులకు రాగానే ఎవరో ఒకరు "నిండుకుండలా శ్రీశైలం" అని హెడ్డింగ్ పెట్టేస్తారు. 885లో 854 అంటే 96 శాతమే కదా మరి! కానీ 854 దగ్గర ఉండేది సుమారు 90 టీఎంసీలు, నిండితే 215.8. అంటే సగం కూడా లేదు. అడుగుల లెక్క సముద్రమట్టం నుంచి మొదలవుతుంది, పైగా జలాశయం పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. అందుకే చివరి 31 అడుగుల్లో అన్ని నీళ్లు పడతాయి. 3 లక్షల ఇన్‌ఫ్లో అలాగే ఉండి, కిందికి చుక్క వదలకపోయినా, ఆ ఖాళీ నిండడానికి ఐదు రోజులు పడుతుంది.

ఇక ఓట్లు. ఏపీలో వైసీపీకి 2019లో 49.95 శాతం ఓట్లు వచ్చాయి, 2024లో 39.37. "10 శాతం తగ్గాయి" అని రాసేస్తాం. తగ్గింది పదిన్నర శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే ఆ పార్టీ ఓట్ల వాటా 21 శాతం పడిపోయింది. సీట్లు 151 నుంచి 11కు, అంటే 93 శాతం పడ్డాయి. మూడూ నిజాలే. హెడ్డింగ్‌లోకి ఏది ఎక్కిందో దాన్నిబట్టి వార్త రంగు మారిపోతుంది, మన రాజకీయ ఇష్టాయిష్టాలు దొరికిపోయేదీ అక్కడే.

టీడీపీ వాటా 39.17 నుంచి 45.60కి పెరిగింది. బాగానే ఉంది, కానీ 2019లో ఆ పార్టీ 175 చోట్లా పోటీ చేసింది, 2024లో పొత్తు వల్ల 144 చోట్లే. తాను నిలబడని 31 చోట్ల తన ఓట్లు మిత్రులకు పోయాయి, నిలబడిన చోట మిత్రుల ఓట్లు కలిశాయి. ఈ సంగతి చెప్పకుండా రెండు అంకెలూ పక్కపక్కన పెడితే పోలికే తప్పు.

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని రాయకండి. అవి పెరిగే వేగం తగ్గింది.

డెస్క్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. మండలంలో డెంగీ కేసులు 200 శాతం పెరిగాయని కాపీ వస్తే, అసలు కేసులెన్నో అడగండి. ఒకటి మూడైనా 200 శాతమే. జిల్లా ఎడిషన్ వదిలే టైమ్‌లో ఆ ఫోన్ చేయడం టెన్షనే. రిపోర్టర్ లోలోపల తిట్టుకుంటాడు కూడా. తిట్టుకోనివ్వండి.