నెల్లూరు ఎండలో జింజర్ బీరు

అందరికీ నమస్కారం. ఈ ప్రసంగానికి మొదట ‘ఇంట్లో బీరు తయారీ’ అని పేరు పెట్టాను. అందరికంటే ముందు అడ్డం తిరిగింది మా అమ్మే. “ఏందిరా అబ్బయా, దూబగుంట ఉండే జిల్లాలో నిలబడి సారా కాసేది నేర్పిస్తావా?” అంది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. 1992లో సారా మీద ఆడవాళ్ళు తిరగబడింది ఆ ఊళ్ళోనే. మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా అమ్మకం ఆగింది. పైగా లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే ఇక్కడ ఎక్సైజు కేసు.

నేను బీరు కాచింది అమెరికాలో ఉన్నప్పుడు. అక్కడ 1978లో చట్టం మార్చి, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు, అంటే సుమారు 750 లీటర్లు, సొంత వాడకానికి కాచుకోవచ్చన్నారు. ఇక్కడికి వచ్చాక అదే పద్ధతిలో జింజర్ బీరు చేస్తున్నాను. పేరులోనే బీరు. ఉండేది అల్లం, పంచదార, నిమ్మరసం. రెండు రోజుల్లో ఫ్రిజ్‌లో పెడితే సోడా కిందే లెక్క, ఆల్కహాలు ఉన్నా బహు కొద్దిగా. చుక్క కూడా వద్దనుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు. వారం బయట వదిలేస్తే అది సోడా కాదు, అప్పుడు మా అమ్మ మాటే నిజమవుతుంది.

ముందు శుభ్రం సంగతి. మనకి తోమిన గిన్నె వేరు, మడి గిన్నె వేరు కదా. ఇక్కడా అంతే. సబ్బుతో తోమితే కంటికి కనబడే మురికి పోతుంది. కనబడని సూక్ష్మజీవులు పోవాలంటే రెండో విడత కావాలి. గాజు, స్టీలు అయితే మరిగే నీళ్ళు చాలు. ప్లాస్టిక్ సీసాలో మరిగే నీళ్ళు పోస్తే ముడుచుకుపోతుంది. దానికి స్క్వాష్‌లు చేసేవాళ్ళు వాడే కె.ఎం.ఎస్. (పొటాషియం మెటాబైసల్ఫైట్) పొడి నీళ్ళలో కలిపి ఆడించి, తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళతో బాగా తొలిచేయండి. అది మిగిలితే పంచదారని పులియబెట్టే, మనకి కావలసిన ఈస్ట్‌ని కూడా చంపుతుంది. ప్లాస్టిక్‌ని పీచుతో రుద్దొద్దు. ఆ గీతల్లో దాక్కున్న బ్యాక్టీరియాని ఎవరూ బయటికి లాగలేరు.

సామానుకి ఖర్చు పెట్టొద్దు. అమెరికాలో నేను డబ్బు పోసి కొన్న కార్బాయ్, అంటే బీరు పులియబెట్టే పెద్ద సీసా, చూడటానికి మన ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యానే. ఇంట్లో వాడకానికి పెద్ద గాజు సీసా చాలు. మూతకి చిల్లు పెట్టి, మెడికల్ షాపులో దొరికే సెలైన్ గొట్టం దూర్చి, రెండో కొస నీళ్ళ గ్లాసులో ముంచండి. గ్యాసు బుడగలుగా బయటికి పోతుంది, గాలి లోపలికి రాదు. చిన్న ఈగలూ రావు. అవి వాలితే మిగిలేది వెనిగరే.

ఇక తోడు. అరలీటరు నీళ్ళలో చెంచా అల్లం తురుము, చెంచా పంచదార. రోజూ అంతంత వేసి కలపాలి. అల్లం తొక్క తీయొద్దు, ఈస్ట్ ఉండేది తొక్క మీదే. చలిదేశాల్లో వారం పడుతుంది. మన దగ్గర మూడో రోజుకే చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటమంటుంది. కల్లు గీసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. వాళ్ళ ముంతలో నిన్నటి మడ్డే ఇవాళ్టి తోడు. పులవకుండా నీరాగానే ఉండాలంటే ముంతకి సున్నం పూస్తారు.

నాలుగు లీటర్ల నీళ్ళలో నూటయాభై గ్రాముల అల్లం దంచి మరిగించి, నాలుగొందల గ్రాముల పంచదార కలపండి. పూర్తిగా చల్లారాక వడగట్టి నాలుగైదు పొదలకూరు నిమ్మకాయలు పిండి, గ్లాసు తోడు పోయండి. వేడి మీద పోస్తే తోడు చస్తుంది. ఒక రోజు గొట్టం పెట్టిన సీసాలో ఉంచి, మర్నాడు కూల్‌డ్రింకు సీసాల్లోకి మార్చండి.

మనకి అసలు శత్రువు వేడి. మామూలు బీరు ఈస్ట్‌కి 18 నుంచి 22 డిగ్రీలు హాయి. మేలో మన ఇంట్లో గోడే ముప్పై అయిదుంటుంది. నార్వే పల్లెల్లో వాడే క్వైక్ అనే ఈస్ట్ అంత వేడిలోనూ చక్కగా పనిచేస్తుంది. చలిదేశంలో పుట్టి దానికి ఆ ఓపిక ఎట్టా వచ్చిందో! పొడిగాలి వీచే పొదిలి వైపు సీసాకి తడిగుడ్డ చుడితే చాలు. సముద్రం గాలి తగిలే మన ఊళ్ళలో తేమకి ఆ గుడ్డ చల్లబడదు. టబ్బులో నీళ్ళు పోసి సీసా నిలబెట్టి, గడ్డకట్టించిన నీళ్ళ బాటిళ్ళు పూటకొకటి మార్చండి.

ఇది నేను ఒకసారి నష్టపోయి నేర్చుకున్నాను. రోహిణీ కార్తెలో ఆరు గాజు సీసాలు నింపి, మూతలు బిగించి, వంటింటి అటక మీద పెట్టి హైదరాబాద్ వెళ్ళాను. మూడో రోజు మధ్యాహ్నం రెండు పేలాయి. అప్పుడు వంటింట్లో ఎవరూ లేకపోవడం అదృష్టం. గాజుపెంకులు కింద మూతి తెరిచి ఉన్న బియ్యం మూటలో పడ్డాయి. అమ్మ మూటంతా పారబోయించింది.

లెక్క వేస్తే ఆశ్చర్యమేమీ లేదు. బీరులో పంచదార ముందే పులిసిపోతుంది. నురగ కోసం సీసాలో పోసేటప్పుడు లీటరుకి ఆరేడు గ్రాములే వేస్తాం, దాన్నుంచి రెండు లీటర్ల లోపే గ్యాసు. జింజర్ బీరులో పంచదార దాదాపు అంతా అట్టే ఉంటుంది. లీటరుకి వంద గ్రాములూ పులిస్తే పాతిక లీటర్ల పైనే గ్యాసు. ఏ సీసా ఆగుతుంది?

అందుకని మూత బిగించి పెట్టేదానికి గాజు వద్దు. నీళ్ళ బాటిల్ కూడా వద్దు. గ్యాసుకి తట్టుకునేట్టు చేసిన కూల్‌డ్రింకు సీసానే వాడండి. రెండంగుళాలు ఖాళీ వదలండి. పొద్దున, సాయంత్రం వేళ్ళతో నొక్కి చూడండి. పచ్చి టెంకాయలా గట్టిపడితే వెంటనే ఫ్రిజ్‌లోకి. చలికాలం రెండు రోజులు పడుతుంది, ఎండాకాలం ఒక్క రోజు కూడా ఆగదు. ఫ్రిజ్‌లోనూ నెమ్మదిగా పులుస్తూనే ఉంటుంది కాబట్టి వారంలో తాగేయాలి.

ఈ బల్ల మీదివి నిన్న పొద్దున నింపినవి. ఐస్‌పెట్టెలో తెచ్చాను. ఒకటి తెరుస్తాను. ముందు వరసలో వాళ్ళు కాస్త వెనక్కి జరగండి. మూత ఒక్కసారిగా తిప్పకూడదు. ఇదిగో, కొంచెం వదులు చేసి, శబ్దం ఆగాక ఇంకొంచెం.